మెడలో సూది దిగే ముందు: దారి మార్చుకున్న ధమనులు

ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వస్తే అందరి నోటా క్రియాటినిన్ అంకే. మెడ మాట ఎవరూ ఎత్తరు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి ముందే చేసే దారి) తయారుగా లేని మనిషికి డయాలసిస్ అర్జెంటుగా మొదలుపెట్టాల్సి వచ్చిన రోజున మొదట సూది దిగేది మాత్రం ఎక్కువగా మెడలోకే. కుడి పక్క జుగులర్ సిరలోకి 12 ఫ్రెంచ్ క్యాథెటర్ పెడతారు. అంటే 4 మిల్లీమీటర్ల మందం ఉన్న గొట్టం. ఆ సిరను ఆనుకుని, అదే తొడుగులో, మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ ధమని ఉంటుంది.

కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం వాళ్లు కొందరు శ్రీకాకుళం, విశాఖ వెళ్తారు, కొందరు దగ్గరని బరంపురం వెళ్తారు. అటు పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగువాళ్లదీ ఇలాంటి తిరుగుడే. ఏ ఆసుపత్రికి వెళ్లినా డాక్టర్ల మనసులో ఉండే మెడ బొమ్మ ఒకటే, పుస్తకంలోది. అందరి మెడా ఆ బొమ్మలా ఉండదు.

ముందు ఆ బొమ్మేమిటో చూద్దాం. గుండె నుంచి లేచిన మహాధమని వంపు మీద మూడు కొమ్మలుంటాయి. మొదటిది బ్రేకియోసెఫాలిక్ ధమని. నాలుగైదు సెంటీమీటర్లు పైకి వెళ్లి, కుడి కాలర్ ఎముక రొమ్ము ఎముకను కలిసే కీలు వెనక చీలి, మెదడు వైపు కుడి కెరోటిడ్, చేయి వైపు కుడి సబ్‌క్లేవియన్ అవుతుంది. రెండోది ఎడమ కెరోటిడ్, మూడోది ఎడమ సబ్‌క్లేవియన్. కెరోటిడ్ మామూలుగా ఒక్క కొమ్మ కూడా ఇవ్వకుండా గొంతు ముడి పై అంచు దాకా ఎక్కి, అక్కడ రెండవుతుంది. లోపలి కెరోటిడ్ నేరుగా మెదడుకు పోతుంది, దానికి మెడలో కొమ్మలుండవు. బయటి కెరోటిడ్ 8 కొమ్మలతో థైరాయిడ్‌కు, నాలుకకు, ముఖానికి, నెత్తికి రక్తం పంచుతుంది. వెనక పక్క వెర్టిబ్రల్ ధమని సబ్‌క్లేవియన్‌లో పుట్టి, నూటికి తొంభై మందికి పైగా ఆరో మెడ పూస రంధ్రంలో దూరి పైకెక్కుతుంది.

ఈ అమరిక అంతా తల్లి కడుపులో నాలుగో వారం నుంచి ఎనిమిదో వారం లోపల తేలిపోతుంది. పిండం గొంతు చుట్టూ వంపు ధమనులు పుడతాయి. వాటిని ఆరు జతలుగా లెక్కిస్తారు గానీ ఆరూ ఒకేసారి ఉండవు, ఐదోది నిలబడదు. మూడో జత కెరోటిడ్ అవుతుంది. నాలుగో జతలో ఎడమది మహాధమని వంపులో కలుస్తుంది, కుడిది కుడి సబ్‌క్లేవియన్‌కు మొదలవుతుంది. ఉండాల్సిన ముక్క కరిగిపోయి, కరగాల్సిన ముక్క ఉండిపోతే ధమని దారి మారుతుంది. రక్తం ఎలాగో చేరాల్సిన చోటికి చేరుతుంది కనుక చాలామందికి జీవితాంతం ఏ బాధా తెలియదు. ఇది జబ్బు కాదు. సంగతి తెలియని చేయి సూదితోనో కత్తితోనో అక్కడికి వెళ్లినప్పుడే ప్రమాదం.

డయాలసిస్ లైన్ దగ్గరికి మళ్లీ వద్దాం, ఈ ప్రాంతంలో ఎక్కువగా జరిగేది అదే. జుగులర్ సిర కెరోటిడ్‌కు బయటి పక్కన ఉంటుందని పుస్తకం. నిజానికి చాలా మెడల్లో సిర ధమని మీదకి ఎక్కి ఉంటుంది. తలను ఎడమకు ఎంత తిప్పితే అంతగా ఎక్కుతుంది. నలభై డిగ్రీలు దాటి తిప్పితే సిర వెనక గోడ దాటిన సూది తిన్నగా కెరోటిడ్‌లోకే పోవచ్చు. అందుకే తలను కొద్దిగా తిప్పితే చాలు. పెద్ద వయసు వాళ్లలో, బీపీ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కెరోటిడ్ పాములా మెలికలు తిరిగి, ఒక్కో ఎత్తులో సిరకు ఒక్కో పక్కన కనబడుతుంది. గొంతు ముడి దగ్గర చూసి సరేననుకుంటే రెండు సెంటీమీటర్ల కింద లెక్క తప్పుతుంది. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను అడ్డంగా పట్టుకుని కాలర్ ఎముక నుంచి దవడ కోణం దాకా ఒకసారి నెమ్మదిగా జరిపి చూడాలి. అర నిమిషం పని. గుండ్రంగా, మందపు గోడతో, నొక్కినా అణగకుండా కొట్టుకునేది ధమని. కోలగా ఉండి నొక్కగానే మూసుకుపోయి, ఊపిరి బిగబట్టి ముక్కితే ఉబ్బేది సిర. డయాలసిస్ వాళ్లలో ఇక్కడొక మెలిక ఉంది. పాత లైన్ల వల్ల సిరలో గడ్డ కట్టి ఉంటే అదీ అణగదు. అణగలేదు కాబట్టి ధమని అనుకుని, పక్కనున్న దాన్ని సిర అనుకుంటే కథ తలకిందులవుతుంది. అనుమానం వస్తే కలర్ డాప్లర్ వేసి, రెండింటిలో రక్తం ఏ వైపు పారుతోందో, పారుతోందో లేదో చూడాలి.

వెర్టిబ్రల్ ధమని సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కొందరిలో, నూటికి మూడు నుంచి ఆరుగురి దాకా, ఎడమ వెర్టిబ్రల్ తిన్నగా మహాధమని వంపులోంచే పుడుతుంది. అలాంటివాళ్లలో అది ఆరో పూసలో దూరకుండా ఐదోదో నాలుగోదో పట్టుకోవడం తరచూ చూస్తాం. అంటే అంతవరకూ ఎముక రక్షణ లేకుండా పూస ముందు నుంచే పాకుతుంది. ఎడమ జుగులర్‌కి లోతుగా పోయిన సూదికీ, మెడ ముందు నుంచి పూసల ఆపరేషన్ చేసేవాళ్లకీ, మత్తు కోసం మెడ బ్లాక్ ఇచ్చేవాళ్లకీ అది ఎదురవుతుంది.

రక్తం రంగును నమ్మకూడదు. ఆక్సిజన్ తగ్గిన మనిషిలో ధమని రక్తం కూడా నల్లగానే వస్తుంది. కిడ్నీ రోగిలో హిమోగ్లోబిన్ 6 ఉంటే సిర రక్తమే పల్చగా ఎర్రగా కనబడుతుంది. బీపీ పడిపోయి ఉంటే ధమని నుంచి కూడా రక్తం చిమ్మదు. నమ్మాల్సింది తీగను. గొట్టానికి దారి చూపే గైడ్‌వైర్ వేశాక, రంధ్రాన్ని వెడల్పు చేసే డైలేటర్ ఎక్కించే ముందు, ప్రోబ్‌ను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పెట్టి, తీగ సిరలోనే ఉందని, కింద కాలర్ ఎముక దాకా సిరలోనే దిగుతోందని కళ్లారా చూడాలి. డైలేటర్ సిర లోతు దాకా చాలు, పిడి దాకా తోయనక్కర్లేదు.

తప్పు జరిగిపోతే? సన్న సూది మాత్రమే ధమనిలో గుచ్చుకుంటే తీసేసి పది నిమిషాలు వేలితో అదిమి పట్టుకోవాలి. యూరియా ఎక్కువున్నవాళ్లకి రక్తం ఆలస్యంగా ఆగుతుంది, ఇంకాసేపు పట్టాలి, వాపు పెరుగుతోందేమో చూస్తూ ఉండాలి. డైలేటరో క్యాథెటరో ధమనిలోకి వెళ్లిపోతే మాత్రం లాగకూడదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. చేసిన తప్పు కనబడగానే చేయి దానంతటదే లాగేయబోతుంది. లాగి అదిమితే 4 మిల్లీమీటర్ల రంధ్రం లోపల మూసుకోదు. మెడ ఉబ్బి శ్వాసనాళం నొక్కుకుపోవచ్చు, గడ్డ మెదడుకు పోయి పక్షవాతం రావచ్చు. క్లాంప్ వేసి, ఉన్నది ఉన్నట్టే ఉంచి, రక్తనాళాల సర్జన్ ఉన్న చోటికి ఫోన్ చేసి, గొట్టంతోనే మనిషిని పంపాలి.

ఇక కుడి సబ్‌క్లేవియన్ దారి మారే సంగతి. మెడ, ఛాతీ కలిసే చోట నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఇదే. వందకు అర నుంచి రెండు వరకు ఉంటుంది. ఇందులో బ్రేకియోసెఫాలిక్ ధమని ఉండదు. వంపు మీద మొదటి కొమ్మే కుడి కెరోటిడ్, తర్వాత ఎడమ కెరోటిడ్, ఎడమ సబ్‌క్లేవియన్. అన్నిటికన్నా చివర, ఎడమ పక్క నుంచి, కుడి సబ్‌క్లేవియన్ పుడుతుంది. కుడి చేతికి చేరాలంటే అది అడ్డంగా దాటాలి. పదిలో ఎనిమిది మందిలో అన్నవాహిక వెనక నుంచి దాటుతుంది, కొద్దిమందిలో అన్నవాహికకూ శ్వాసనాళానికీ మధ్య నుంచి, ఇంకా తక్కువ మందిలో శ్వాసనాళం ముందు నుంచి. ఇంగ్లండులో డేవిడ్ బేఫర్డ్ అనే వైద్యుడు ఏళ్ల తరబడి మింగలేక బాధపడ్డ ఒక స్త్రీలో దీన్ని చూసి 1794లో అచ్చువేశాడు. ప్రకృతి ఆడిన ఆట అనే లాటిన్ మాట నుంచి దీనికి లుసోరియా అని పేరొచ్చింది. పుట్టిన చోట ఈ ధమని బుడగలా వెడల్పుగా ఉంటే దాన్ని కొమ్మెరెల్ డైవర్టిక్యులం అంటారు. ఆ జర్మన్ వైద్యుడు బతికున్న మనిషిలో బేరియం ఎక్స్‌రేతో దాన్ని గుర్తించింది 1936లో. ఒడిశా విడి రాష్ట్రమై పర్లాకిమిడి అటు చేరింది కూడా అదే ఏడు.

చాలామందికి దీనితో మింగడంలో ఇబ్బంది ఉండదు. ఉన్నవాళ్లకి నీళ్లు, గంజి దిగుతాయి. ముద్ద, చపాతీ, మాంసం ముక్క ఛాతీ పైభాగంలో అడ్డుపడ్డట్టుంటుంది. ధమని గట్టిపడి వెడల్పయ్యే వయసులో ఇది బయటపడొచ్చు. బేరియం ఫిల్ములో అన్నవాహిక వెనక గోడ మీద ఎడమ కింద నుంచి కుడి పైకి ఏటవాలుగా నొక్కు కనబడుతుంది. ఎండోస్కోపీలో అదే చోట వెనక గోడ ఉబ్బి, గుండెతో పాటు కొట్టుకుంటుంది. స్కోప్‌తో అక్కడ ఒత్తినప్పుడు కుడి మణికట్టు నాడి తగ్గితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ ఉబ్బును కణితి అనుకుని ముక్క కోయకూడదు. చేపముల్లు గుచ్చుకుందని వచ్చినవాళ్లలో కూడా ఈ ఎత్తులో ముల్లు ఉంటే లాగే ముందు సీటీ చూడటం మంచిది. తీరప్రాంతంలో ముల్లు కేసులకి కొదవ లేదు.

ఇదే ధమని ఇంకో మూడు చోట్ల ఎదురవుతుంది. మొదటిది గుండె యాంజియోగ్రామ్. కుడి మణికట్టు నుంచి తీగ పంపితే గుండె వైపు దిగాల్సింది పదే పదే వెనక మహాధమనిలోకి, అంటే పొట్ట వైపు దిగిపోతుంది. అక్కడ బలవంతంగా తిప్పితే గోడ చీలుతుంది. లోతుగా ఊపిరి తీసుకోమని, తీగను మెల్లగా తిప్పి చూసి, రాకపోతే ఎడమ మణికట్టుకో తొడకో మారిపోవాలి. రెండోది ముక్కు గొట్టం. పక్షవాతం వచ్చి మింగలేని ముసలివాళ్లని ముక్కు గొట్టంతో ఇంటికి పంపి నెలలు గడపడం మన పల్లెల్లో మామూలే. అన్నవాహికలో ముందు గొట్టం, వెనక కొట్టుకునే ధమని. మధ్యలో నలిగిన గోడ చిల్లుపడితే నోట్లోంచి వచ్చే రక్తం ఆపడం చాలా కష్టం. అసలు ధారకు ముందు కొద్దిగా ఎర్రటి రక్తం కనబడొచ్చు. దాన్ని అల్సర్ అనుకుని వదిలేస్తే సమయం పోతుంది. ఈ తేడా ఉందని ముందే తెలిస్తే పొట్టకే నేరుగా గొట్టం పెట్టించుకోవచ్చు.

మూడోది థైరాయిడ్ ఆపరేషన్. గొంతు పలికించే నరం కుడి పక్క సబ్‌క్లేవియన్ కింద నుంచి కొక్కెంలా తిరిగి పైకొస్తుంది. ధమని అక్కడ లేకపోతే ఆ నరానికి తిరగడానికి ఏమీ ఉండదు, వేగస్ అనే పెద్ద నరం నుంచి తిన్నగా అడ్డంగా గొంతులోకి వెళ్లిపోతుంది. ఉండాల్సిన చోట దాన్ని వెతుకుతున్న సర్జన్‌కు థైరాయిడ్ పక్కన అడ్డంగా తెల్లటి తాడు కనబడుతుంది. దాన్ని రక్తనాళమనుకుని కట్టేస్తే గొంతు బొంగురుపోతుంది. ముందే పట్టుకోవడానికి పెద్ద స్కాన్ అక్కర్లేదు. థైరాయిడ్ అల్ట్రాసౌండ్ చేస్తున్నప్పుడే, చిన్న గుండ్రటి ప్రోబ్‌ను గొంతు గుంటలో పెట్టి కిందకీ కుడికీ వంచి చూస్తే, బ్రేకియోసెఫాలిక్ ఇంగ్లిషు వై అక్షరంలా చీలడం కనబడాలి. అది కనబడక, కుడి కెరోటిడ్ ఒంటరిగా లోతుకు దిగిపోతుంటే రిపోర్టులో రాయాలి. ఆ ఒక్క వాక్యం ఒకరి గొంతును కాపాడుతుంది.

గొంతు గుంట అన్నాను కదా, ఊపిరి కోసం శ్వాసనాళానికి రంధ్రం పెట్టే ట్రాకియాస్టమీకి కూడా అదే గుమ్మం. భుజాల కింద దిండు పెట్టి మెడ వెనక్కి వంచాక, కోత పెట్టే ముందు, చూపుడువేలు కొనను ఆ గుంటలో ఆనించి పది సెకన్లు ఆగండి. మెడ వంచక ముందు కాదు, వంచాకే. వంచినప్పుడు బ్రేకియోసెఫాలిక్ కూడా పైకి లాగబడుతుంది, పిల్లల్లో మరీను. వేలి కింద అడ్డంగా దబదబ కొట్టుకుంటుంటే ధమని ఎత్తులో ఉందన్నమాట. ప్రోబ్ పెట్టి చూడాలి, పైభాగంలోనే పనిచేయాలి. రంధ్రం శ్వాసనాళపు రెండో, మూడో ఉంగరం దగ్గర ఉండాలి. ఇంకా కిందకి దిగితే గొట్టపు వంపు ఆ ధమనిని రుద్దుతుంది. వారం, రెండు వారాలకి, ఎక్కువ కేసుల్లో నాలుగు వారాల లోపల, శ్వాసనాళానికీ ధమనికీ మధ్య గోడ అరిగిపోవచ్చు. మూడు రోజుల తర్వాత గొట్టం చుట్టూ వచ్చిన చెంచాడు తాజా రక్తాన్నైనా తేలిగ్గా తీసుకోకూడదు. ధార మొదలైతే గొట్టం చుట్టూ ఉండే గాలి బుడగను, అంటే కఫ్‌ను, ఇంకా గాలితో నింపాలి. ఆగకపోతే గుంటలోంచి వేలు దించి ధమనిని రొమ్ము ఎముక వెనక భాగానికి అదిమి పట్టుకునే ఆపరేషన్ గదికి నడవాలి. శ్వాసనాళం ముందు నుంచి థైరాయిడ్‌కు ఎక్కే సన్నటి ఐమా ధమని కూడా కొందరిలో ఉంటుంది. చిన్నదే, కానీ తెగి ఛాతీలోకి జారిపోతే దొరకబుచ్చుకోవడం కష్టం.

గొంతు లోపలి వైపు చూస్తే, పెద్దవాళ్లలో లోపలి కెరోటిడ్ టాన్సిల్ గుంటకు రెండున్నర సెంటీమీటర్లు వెనకగా, బయటగా ఉంటుంది. మెలికలు తిరిగినప్పుడు అది గొంతు వెనక గోడ కిందకే వచ్చి, ఒక్కోసారి రెండు పక్కలవీ మధ్యలో కలుసుకునేంత దగ్గరవుతాయి. నోరు తెరిచి నాలుక అదిమితే వెనక గోడలో కొట్టుకునే ఉబ్బు కనబడుతుంది. టాన్సిల్ పక్క చీము తీసే సూదికి ప్లాస్టిక్ తొడుగు కొన కోసి తొడిగి, ఒక సెంటీమీటరే బయటికి ఉంచడం అందుకే. అంగుడు చీలిక ఆపరేషన్‌కు వచ్చిన పిల్లల్లో గుండె లోపం కూడా ఉంటే కెరోటిడ్ మధ్యకు జరిగిందేమో తప్పక చూడాలి.

కుడి కాలర్ ఎముక పైన కొట్టుకునే ఉబ్బుతో వచ్చే బీపీ రోగులు, ముఖ్యంగా నడివయసు దాటిన స్త్రీలు, ఎక్కువగా మెలిక తిరిగిన ధమనితో వస్తారు. నిజమైన బుడగ తక్కువ. ఏదైనా సరే, కొట్టుకునే ఉబ్బులో సూది పరీక్ష చేయకూడదు. ముందు ప్రోబ్.

డాప్లర్ చేసేవాళ్లకి ఒక మాట. నూటికి కొద్దిమందిలో బయటి కెరోటిడ్ మామూలుగా ఉండే చోట, అంటే లోపలి దానికి ముందుగా, మెడ మధ్య వైపుగా కాక, తారుమారై చర్మం వైపు వెనకగా ఉంటుంది. చీలిక హయాయిడ్ ఎముక ఎత్తు దాకా పోవచ్చు, చాలా కిందే జరగొచ్చు. చోటును బట్టి పేరు పెడితే తప్పుతారు. మెడలో కొమ్మ ఇచ్చేది బయటిది. డాప్లర్ అలలో గుండె సడలినప్పుడు కూడా రక్తం బాగా పారేది లోపలిది. ఇంకా సందేహమైతే, చెవి ముందు కణత నాడి మీద వేలితో టకటక కొట్టండి. బయటి కెరోటిడ్ అల మీద రంపపు పళ్లలా వణుకు పడుతుంది, లోపలి దాని మీద దాదాపు పడదు. రక్తస్రావం ఆపడానికి బయటి దాన్ని కట్టే సర్జన్ కూడా కొమ్మను కళ్లతో చూశాకే దారం ముడివేయాలి. పొరపాటున లోపలిది కడితే మెదడులో సగం ఎండిపోవచ్చు.

లోపలి కెరోటిడ్ పుట్టుకతోనే లేనివాళ్లు పదివేలకు ఒకరి కన్నా తక్కువ. డాప్లర్‌లో అది మూసుకుపోయిన ధమనిలా అనిపిస్తుంది. తేడా పుర్రె అడుగున తెలుస్తుంది. సీటీలో కెరోటిడ్ ఎముక కాలువ కూడా లేకపోతే పుట్టుకతో లేనట్టు, కాలువ మామూలుగా ఉండి ధమని లేకపోతే తర్వాత మూసుకున్నట్టు. పుట్టుకతో లేనివాళ్లలో మెదడులో బుడగలు ఎక్కువ, కాబట్టి తల కూడా చూడాలి. కెరోటిడ్ నుంచి పుర్రె అడుగున ఉండే హైపోగ్లోసల్ కాలువ గుండా మెదడు వెనక భాగానికి పిండం నాటి ధమని ఉండిపోయిన కేసులు వెయ్యికి ఒకటి కన్నా తక్కువ. వాళ్లలో కెరోటిడ్ శుభ్రం చేయడానికి క్లాంప్ వేస్తే మెదడు ముందు భాగంతో పాటు మెదడు కాండానికీ రక్తం తగ్గుతుంది.

సీటీ యాంజియో తీసేటప్పుడు మహాధమని వంపు కింద నుంచి మొదలుపెట్టాలి. మెడ మధ్య నుంచి తీస్తే లుసోరియా చేజారుతుంది. ధమనులు స్కాన్‌లో కనబడేలా చేసే మందు కుడి చేతికి ఎక్కించాలి. ఎడమ చేతికి ఎక్కిస్తే వంపు ముందు నుంచి అడ్డంగా పోయే సిరలో మందు మెరిసి, కొమ్మలు పుట్టే చోట చారలు పడతాయి. ఉద్దానం రోగులకి ఇంకా మిగిలి ఉన్న కిడ్నీ శక్తి, అంటే ఈజీఎఫ్ఆర్, 30 కన్నా తక్కువైతే ఆ మందు అవసరమో కాదో నెఫ్రాలజిస్టుతో తేల్చుకోవాలి. చాలా ప్రశ్నలకు డాప్లర్, మందు అక్కర్లేని ఎమ్మారై యాంజియో సరిపోతాయి.

రిపోర్టు ఇంటికి వచ్చాక అది బీరువాలో పడి ఉంటే లాభం లేదు. సరిహద్దు దాటి ఇంకో రాష్ట్రంలో చూపించుకునేవాళ్లకి పాత ఫైలు కొత్త ఆసుపత్రి కంప్యూటర్లో ఉండదు. మీ రిపోర్టులో ఇలాంటి తేడా రాసి ఉంటే ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి, స్కాన్ సీడీ దాచుకోండి. డయాలసిస్ పుస్తకం మొదటి పేజీ మీద రాయించుకోండి. కుడి సబ్‌క్లేవియన్ అన్నవాహిక వెనక ఉందని రాసి ఉంటే, యాంజియోగ్రామ్‌కు, థైరాయిడ్ ఆపరేషన్‌కు, ఎండోస్కోపీకి, ముక్కు గొట్టానికి ముందు చెప్పండి. బ్రేకియోసెఫాలిక్ ఎత్తులో ఉందని ఉంటే మెడ ముందు ఏ కోతకైనా ముందు చెప్పండి. డాక్టరమ్మకే చెప్పాలని లేదు, ట్రే సర్దుతున్న సిస్టర్‌కు చెప్పినా చాలు, ఆవిడ ప్రోబ్ తెప్పిస్తుంది.